పెరటి పూలపొదను ఎన్నుకొనుట యెట్లు?

మన గ్రామములలో పూలచెట్టు లేని యిల్లు అరుదు. తులసికోట ప్రక్కను ఒక నందివర్ధనము, నూతి చప్టా చెంత ఒక మల్లెపొద, దొడ్డిగోడ వెంబడి ఒక గన్నేరు, ఇట్లు ఏదో యొక పూవు ప్రతి గృహమునందును గానవచ్చును. దేవునికి పూవు, ఆడుబిడ్డల జడలకు పూవు, పండుగ దినమున గుమ్మమునకు పూవు కావలయును గదా. ఐనను, పైరుల విషయమున నెంతో విచారించి విత్తనము నెన్నుకొను రైతు, పూలపొద విషయమున మాత్రము ఎట్టి విచారణయు లేక, సంతలోనో, బండిమీద మొక్కల నమ్మువాని యొద్దనో, నిండుగా పూచియున్న మొక్కను జూచి ముచ్చటపడి కొనితెచ్చి, ఖాళీగా నున్న చోట నాటుచున్నాడు. రెండేండ్లలో అది ఎండిపోవుటయో, పూయక ఆకు మాత్రము వేయుటయో, దారికి అడ్డమై నఱకబడుటయో తటస్థించును. ఇంతమాత్రమే యైనచో నష్టము స్వల్పమే. కాని కొన్ని పొదల వలన పాడిపశువు చచ్చుటయు, కొన్నింటి మీదినుండి ప్రత్తిచేనికి పురుగు ప్రాకుటయు కలదు. కావున మన సభ్యులు ఈ విషయమును గూర్చి కొంచెము నిదానించి ఆలోచింపవలసి యున్నది.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే మాట. పూవును జూచి మొక్కను కొనరాదు. చోటును జూచి మొక్కను ఎన్నుకొనవలెను. చోటనగా నేల, నీరు, ఎండ, స్థలము యొక్క కొలత, ఆ యింట మసలు పశువులును పిల్లలును. ఈ అయిదింటికి సరిపడిన పొద ఏదియో దానినే నాటినచో, అది అనేక సంవత్సరములు తక్కువ సేవతో ఎక్కువ పూవు నిచ్చును.

లంటానా నేర్పిన పాఠము

పూవు అందమును మాత్రమే చూచి మొక్కను దెచ్చిన ఫలితమెట్లుండునో తెలిసికొనుటకు లంటానా యొక్కటి చాలును. కొన్ని ప్రాంతములందు దీనిని తలంబ్రాల చెట్టందురు. పసుపు, గులాబి వన్నెల చిన్న చిన్న పూలు ఒకే గుత్తిలో గలిసి చూపునకు ఇంపుగా నుండును. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములకు జెందిన యీ పొదను 1809లో కలకత్తాలోని వనస్పతి తోటకు అలంకారమునకై తెచ్చిరి. పక్షులు దీని పండ్లను దిని గింజలను దూరదూరములకు మోసికొనిపోయినవి. నేడది మన దేశపు అడవులలో విస్తారముగా వ్యాపించి, గడ్డిని మొలవనీయక, మేతభూములను మ్రింగుచున్నది. పచ్చిక దొరకని కఱవు దినములలో ఈ యాకును మేసిన పశువులకు కార్జము చెడి, కామెర్లు గలిగి, ఎండ సోకిన చర్మము పగిలి పుండ్లు పడును. తోటకై తెచ్చిన పొద యొకటి దేశమునకే కంపయై కూర్చున్నది. నేటికిని కంచెకు బాగుండునని దీనిని నాటువారు కలరు. అట్లు చేయుట తగదు. పెరటిలో తానై మొలచినను వేరుతో పెఱికివేయవలెను.

పశువులున్న యింట జాగ్రత్త

రైతు యింట పూలపొదకు మొదటి పరీక్ష పశువులశాలయే. గన్నేరు మన దేవతార్చనకు ప్రీతియైన పూవు. ఎండకు, దుమ్మునకు, నీటియెద్దడికి ఓర్చును. పశువులును మేకలును పచ్చి గన్నేరును సామాన్యముగా ముట్టవు. ఈ గుణములను బట్టియే పెద్ద రహదారుల నడిమి గట్లపై దీనిని వరుసలుగా నాటుచున్నారు. కాని దాని ఆకు, కొమ్మ, పూవు, వేరు అన్నియు విషమే. ఆ విషము గుండెను పట్టును. ఆవునకు గాని గొఱ్ఱెకు గాని ప్రాణము తీయుటకు కొలది ఆకులు చాలును.

ప్రమాదము సాధారణముగా పచ్చి చెట్టువలన గలుగదు; నఱకిన కొమ్మల వలన గలుగును. గన్నేరు కొమ్మలను కత్తిరించి దొడ్డిమూలను పడవేయుదురు. అవి వాడి, గడ్డితో గలిసి, పశువు నోటికి జిక్కును. ఎండినను విషము తగ్గదు. కావున పశువులున్నవారు గన్నేరును పాకకు, గడ్డివామికి, కుడితితొట్టికి దూరముగా, గోడకు వెలుపల గాని దేవాలయపు ఆవరణమున గాని పెంచుకొనుట మేలు. కత్తిరించిన కొమ్మలను గోతిలో పూడ్చివేయవలెను. వానిని కాల్చరాదు, ఆ పొగయును చెఱుపు చేయును. పశువు గన్నేరు తిన్నదని తోచిన మఱుక్షణమే పశువైద్యుని పిలువవలెను. ఇంటివైద్యముతో కాలము గడపుట ప్రాణహాని.

పచ్చగన్నేరు మఱియు భయంకరము. గంటవలె వ్రేలాడు పసుపుపచ్చని పూవు, నిగనిగలాడు సన్నని ఆకు గల యీ పొదను అనేకులు వాకిట నాటుదురు. దాని కాయలోని గట్టిగింజతో పిల్లలు ఆడుకొందురు. ఆ గింజ మనుష్యుల గుండె నడకను చెఱచి ప్రాణాపాయము గలిగించును. చిన్నపిల్లలున్న యింట పచ్చగన్నేరు ఉండనే కూడదని మా దృఢాభిప్రాయము. ఎవరైనను తిన్నచో వెంటనే పెద్దాసుపత్రికి గొనిపోవలెను.

ఇట్టి భయము లేని పొదలు మనకు కొదువ లేదు. మందారము, మల్లె, కనకాంబరము, పారిజాతము మొదలగు వానిని గూర్చి ముందు చెప్పుదుము.

నేల, నీరు, ఎండ

రెండవ పరీక్ష నేల. నాటదలచిన చోట మూర లోతు గుంట త్రవ్వి నిండ నీరు పోయుడు. అది ఇంకిన పిదప మఱల నింపి, మఱునాటి ఉదయమున చూడుడు. రెండవమాఱు పోసిన నీరింకను నిలిచియున్నచో అది నీరు పట్టి కూర్చుండు నేల. అందు మల్లె, కాగితపుపూలు, పారిజాతము బ్రదుకవు. బ్రదికినను వేరు క్రుళ్ళి రెండవ వర్షకాలమునకు పోవును. అట్టిచోట అడుగు ఎత్తున మట్టి తిన్నె గట్టి దానిపై నాటవలెను. నల్లరేగడిలో లోతైన గొయ్యి త్రవ్వి మెత్తని మట్టి నింపుటచే మేలు గలుగునని తలచువారు కలరు. చుట్టును రేగడి యుండగా ఆ గొయ్యి వర్షకాలమున తొట్టివలె నీటిని బట్టియుంచును. కావున రేగడిలోను తిన్నెయే శ్రేష్ఠము.

సున్నపుపాలు హెచ్చుగా గల నేలలో కొన్ని పొదలకు లేతాకులు పసుపుబాఱి ఈనెలు మాత్రము పచ్చగా నుండును. ఇది ఇనుపధాతువు లోపము. నేలలో ఇనుమున్నను, సున్నముచే కట్టువడి వేరునకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మ ఉప్పును గలిపి వారమున కొకమాఱు రెండు మూడు తడవలు ఆకులపై చల్లిన పచ్చదనము వచ్చును. కాని ఏటేట నిట్లు చల్లుటకంటె ఆ నేలకు తగిన పొదనే నాటుట తెలివి. పొలమునకు భూసార పరీక్ష చేయించు రైతు పెరటిమట్టి నొక దోసెడు చేయించుట కష్టము గాదు.

మూడవది నీరు. వేసవిలో ఆ పొదకు ఎవరు నీరు పోయుదురు, ఎక్కడినుండి తెత్తురు అను ప్రశ్నకు బదులు చెప్పిన తరువాతనే మొక్కను కొనవలెను. బియ్యము, కూరలు కడిగిన నీరు పూలపొదకు మంచిదే. బట్టల సబ్బునీరు నిత్యము ఒకే పాదున పోయుట వలన నేల చౌడుబాఱును. దానిని కొబ్బరి, అరటి మొదళ్ళకు మార్చి మార్చి పంపుట మేలు. నీరెద్దడిగల ఊళ్ళలో బిందెలతో పెంచవలసిన గులాబికి ఆశపడుట కంటె, రెండవయేటి నుండి నీరడుగని తంగేడును నాటుట గౌరవము.

నాల్గవది ఎండ. పూవు ఎండ యొక్క బిడ్డ యని చెప్పవచ్చును. మల్లె, గులాబి, కాగితపుపూలు, రత్నగంధి దినమున కనీసము ఆఱు గంటల యెండ లేక పూయవు. చింతచెట్టు క్రింద నాటిన మల్లె గుబురుగా ఆకు వేసి ఆశపెట్టును గాని మొగ్గ వేయదు. నందివర్ధనము, కనకాంబరము కొంత నీడనైనను సహించి పూయును.

అయిదవది కొలత. సంచిలో జానెడున్న మొక్క యెంత పెరుగునో అడిగి తెలిసికొనవలెను. మల్లె మూడు నాలుగడుగుల పొద. మందారము ఆఱు మొదలు పది అడుగులు. పారిజాతము పదునైదు అడుగులకు మించియు పోగలదు. కిటికీ క్రింద పారిజాతమును నాటి, ఏటేట దాని తలనఱకుట చెట్టునకును మనకును శిక్షయే. గోడనుండి మూడడుగులైనను విడిచి నాటినచో వేరునకు చోటును, ఆకునకు గాలియు దొరకును.

ప్రత్తి, వంగ పండించువారి కొక హెచ్చరిక

ప్రత్తి, బెండ, మందారము ఈ మూడును ఒకే కుటుంబమునకు జెందిన మొక్కలు. ప్రత్తిని పీడించు పిండినల్లి, తెల్లదోమ, పచ్చదోమ మొదలైనవి మందారముపై గూడ జీవించును. 2006 తరువాత కొన్నేండ్లపాటు పిండినల్లి మన దేశపు ప్రత్తిచేలను మిక్కిలి బాధించిన సంగతి రైతులు మఱువలేదు. చేనిలో ప్రత్తి లేని వేసవి మాసములలో ఈ పురుగునకు ఆశ్రయమిచ్చు పచ్చని మొక్కలలో పెరటి మందారము నొకటి.

అంతమాత్రమున మందారమును నఱకవలెనని కాదు. ఇల్లు చేనికి ఆనుకొని యున్నవారు దానిని వారమున కొకమాఱు చూచుచుండవలెను. కొమ్మల చివరలు ముడుచుకొని, తెల్లని పిండివలె కనబడుచు, చీమలు బారులు దీరినచో పిండినల్లి చేరినదని గుఱుతు. చీమలు వానిని మొక్క నుండి మొక్కకు మోయును. అట్టి చివరలను కత్తిరించి మూటగట్టి పూడ్చివేసి, మిగిలిన దానిని నీటిధారతో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బుతో గలిపి సాయంకాలమున చల్లవలెను. ఇట్లు చూచుటకు తీరిక లేనివారు చేనికి దూరపు వైపున నాటుకొనవలెను, లేదా వేఱొక పొదను ఎన్నుకొనవలెను.

వంగ, టమాట పండించువారు కనకాంబరము విషయమున జాగ్రత్తపడవలెను. వేళ్ళపై బుడిపెలు గట్టించు నులిపురుగులు ఈ మూడింటికిని శత్రువులే. వంగమొక్కలు బుడిపెలతో చచ్చిన మడిలో కనకాంబరము నాటిన యెడల అదియు వాడి పోవును. అట్టి మడిలో ఒక కారు బంతిని పెంచి, పిదప వేపపిండి వేసి నాటుట మంచిది.

కొన్ని మంచి పొదల గుణములు

మల్లె. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. నీరు నిలువని తేలికనేల, నిండు ఎండ దీనికి ప్రాణము. దీని రహస్యమంతయు విశ్రాంతిలో నున్నది. కార్తికము వెళ్ళిన తరువాత నీరు తగ్గించి, డిసెంబరు ప్రాంతమున పొదను మోకాలి యెత్తునకు కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, పాదు త్రవ్వి, పశువుల ఎరువు వేసి అటుపిమ్మట నీరు పెట్టవలెను. మార్చి మొదలు మొగ్గ విరివిగా వచ్చును. కత్తిరింపని పొద ఏటేట ముదిరి పూవు తగ్గును. మొగ్గలు ఊదారంగు దిరిగి రంధ్రములు పడినచో అందు పురుగున్నదని తెలిసి ఏరివేయవలెను. అమ్మదలచినవారు మొగ్గ బాగుగా ఎదిగి విచ్చకముందే, సూర్యోదయమునకు ముందు కోయుదురు. అయిదాఱు పొదలున్న యింట వేసవియంతయు మూర పూవు కొనవలసిన పని యుండదు.

మందారము. నీరు క్రమముగా అందినచో సంవత్సరము పొడుగునను పూయును. పూవు ఒక్క దినముండును. క్రొత్త కొమ్మల చివరనే మొగ్గ తొడుగును గనుక తొలకరికి ముందు తేలికగా కత్తిరించిన కొమ్మలు వృద్ధియై పూవు హెచ్చును. ఒకదినము నీట ముంచి పదిదినములు ఎండబెట్టిన మొగ్గలు రాలిపోవును. ముద్ద మందారము కంటికి నిండుగా నుండును గాని, తేనెటీగలకును తేనెపిట్టలకును ఒంటిరేకల మందారమే మేలు. ముద్దపూలలో పుప్పొడి నిచ్చు కేసరములు చాలవరకు రేకులుగా మాఱిపోవును. బీర, సొర, గుమ్మడి పాదులు గలవారు ఈ భేదమును గమనింపవలెను.

నందివర్ధనము. పాలుగల పొద గనుక పశువు సాధారణముగా ముట్టదు. ఏ నేలనైనను, కొంత నీడనైనను సహించి సంవత్సరమంతయు తెల్లని పూవు నిచ్చును. అందఱికిని, మొదటిమాఱు పెంచువారికిని తగినది. అప్పుడప్పుడు లావైన పచ్చని పురుగు ఆకులను తినివేయును. చేతితో ఏరివేసిన చాలును.

పారిజాతము. వర్షకాలము మొదలు శీతకాలము వఱకు రాత్రి పూచి వేకువను రాలును. నేలపై రాలిన పూవునే పూజకు గ్రహించు ఆచారము గలదు గనుక క్రింద శుభ్రమైన నేల యుండునట్లు నాటవలెను. దీని ఎఱ్ఱని కాడనుండి పూర్వము పట్టుబట్టలకు రంగు తీయుచుండిరి. నీరు నిలువరాదు, విశాలమైన చోటు కావలెను.

కనకాంబరము. వాసన లేకున్నను త్వరగా వాడదు. మల్లెతో గలిపి కట్టు మాలకు వన్నె తెచ్చును. రెండడుగుల పొద గనుక చిన్న పెరడునకు, అరనీడకు తగినది.

నూరువరహాలు. ఈ పేరు కొన్ని ఊళ్ళలో ఎఱ్ఱని గుత్తులు పూచు గుబురు పొదకును, మఱికొన్ని ఊళ్ళలో పాలుగారు దేవగన్నేరునకును చెల్లుచున్నది. కొనునప్పుడు పేరడుగుటతో తృప్తిపడక మొక్కను చూచుకొనవలెను. ఎఱ్ఱగుత్తుల పొదకు ఎఱ్ఱనేల ఇష్టము. సున్నపునేలలోను, ఉప్పుబోరునీటితోను ఆకు పసుపుబాఱును.

తంగేడు. మనకు బీడుమొక్కగా మాత్రమే తెలిసిన యీ బంగారు పూవును తెలంగాణ రాష్ట్రము 2014లో రాష్ట్రపుష్పముగా గైకొనినది. బతుకమ్మను పేర్చుటకు తంగేడు ముఖ్యము. దీని ఆకు వరిమళ్ళకు పచ్చిరొట్ట. బెరడు తోళ్ళు ఊనుటకు ఉపయోగము. ఎంతటి యెండకైనను ఓర్చును. పశువులు సాధారణముగా మేయవు. ఊరి బీడులు దున్నబడి, ఇండ్లస్థలములగుచున్న కొలది తంగేడు ఊరికి దూరమగుచున్నది. పండుగనాడు ఆడుబిడ్డలు కోసెడు దూరము పోయి తెచ్చుకొను పూవు వాకిటనే పూయుట ఎంత సంతోషము! గింజపెంకు గట్టిది గనుక వేడినీటిలో వేసి రాత్రియంతయు నానబెట్టి విత్తవలెను. మార్పిడికి అంతగా ఓర్వదు గనుక ఉండదలచిన చోటనే విత్తుట మేలు.

గోరింట, రత్నగంధి, కాగితపుపూలు ఈ మూడును మెట్టప్రాంతపు స్నేహితులు. గోరింట కంచెగా పెరిగి, ఆకు చేతులకును, సువాసనగల పూవు గాలికిని ఇచ్చును. చిన్న తురాయి యని కూడ పిలువబడు రత్నగంధి గింజతోనే సులభముగా వచ్చి, సీతాకోకచిలుకలను ఆకర్షించును. కాగితపుపూలకు ముండ్లు కలవు గనుక నడకదారికి దూరముగా నుంచవలెను. నీరు హెచ్చినచో ఆకు వేయును. కొంచెము ఎండబెట్టిన పూయును.

గులాబిని గూర్చి ఒక్కమాట. అది ప్రతిదినము చూచుకొను ఓపికగలవారి పూవు. అంటుగట్టిన చోటికి దిగువనుండి లేచు చిగుళ్ళను ఎప్పటికప్పుడు తీసివేయనిచో, మంచి గులాబి చచ్చి, అడుగు మొక్క మాత్రము పెరుగును. పూవు మాఱిపోయినదని అమ్మినవానిని నిందించువారిలో అనేకుల విషయమున జరిగినది ఇదియే.

మూడు ఇండ్ల నిర్ణయము

పైన జెప్పినది ఎట్లు ఉపయోగపడునో చూపుటకు మూడు మాదిరి ఇండ్లను తీసికొందము.

మొదటిది మెట్టప్రాంతపు ఎఱ్ఱచల్కలోని ఇల్లు. నాలుగు మేకలు కలవు. వేసవిలో బోరు సన్నగిల్లును. ఈ యింటివారు వాకిట తంగేడును, కంచెకు గోరింటను, గోడమూలను రత్నగంధిని పెట్టవచ్చును. అంట్లు తోమి కడిగిన నీరు పోవుచోట ఒక్క మల్లెపొద చాలును. లేతమొక్కలకు రెండేండ్లు ముండ్లకంప రక్షణ కావలెను. గన్నేరు వలదు.

రెండవది డెల్టాలోని ఇల్లు. నీటికి కొదువ లేదు. ఆగస్టు, సెప్టెంబరులలో పెరటిలో నీరు నిలుచును. ఇచ్చట తిన్నె గట్టుటయే మొదటి పని. తిన్నెపై మల్లెయు పారిజాతమును పెట్టవచ్చును. పల్లమున నందివర్ధనము కొంతవఱకు తట్టుకొనును. కొబ్బరిచెట్ల అరనీడలో కనకాంబరము బాగుగా వచ్చును.

మూడవది నల్లరేగడిలో, ప్రత్తిచేనికి ఆనుకొనియున్న ఇల్లు. ఇచ్చట నందివర్ధనమును ముఖ్యముగా ఎన్నుకొని, తిన్నెపై పారిజాతము నొకటి పెట్టుకొనవలెను. మందారము కావలయునన్నచో చేనికి వ్యతిరేకపు వైపున ఒకటి మాత్రము పెట్టి, పిండినల్లిని కనిపెట్టి యుండవలెను. ఎఱ్ఱగుత్తుల నూరువరహాలకు ఈ నేల సరిపడదు.

మూడిండ్లకును మూడు నిర్ణయములు. ఒకరి యింట పూచినదని ఇంకొకరు తెచ్చుకొనుట ఎట్లు తప్పగునో దీనినిబట్టి తెలియును.

కొనుట, నాటుట

తూర్పుగోదావరి జిల్లా కడియము, కడియపులంక ప్రాంతపు నర్సరీలనుండి మన రెండు రాష్ట్రములకే గాక అనేక రాష్ట్రములకు మొక్కలు పోవుచున్నవి. ఎక్కడ కొనినను కొన్ని సంగతులు చూడవలెను. నిండుగా పూచిన దానికంటె గట్టికాండము, పచ్చని ఆకు గల పిన్నమొక్క మేలు. సంచి అడుగున లావైన వేళ్ళు వెలికివచ్చి చుట్టలు చుట్టుకొన్నచో అది ముదిరిన మొక్క యని విడువవలెను. ఆకుల క్రిందిభాగమును, కొమ్మల సందులను తిప్పి పిండినల్లి, పొలుసుపురుగు ఉన్నవేమో చూడవలెను. ఇంటికి దెచ్చిన వెంటనే నాటక పది దినములు ఇతర మొక్కలకు దూరముగా అరనీడలో నుంచి, పిదప ఎండకు అలవాటు చేయవలెను.

నాటుటకు తొలకరి తరువాత జూలై, ఆగస్టు మాసములు శ్రేష్ఠములు. మూర లోతు, మూర వెడల్పు గుంట త్రవ్వి పదిదినములు ఎండనిచ్చి, మీదిమట్టితో రెండు గంపల మాగిన పశువుల ఎరువును, గుప్పెడు వేపపిండిని గలిపి నింపవలెను. పచ్చిపేడ వేరునకు వేడి. ప్లాస్టిక్ సంచిని పూర్తిగా చీల్చి తీసివేయవలెను. అట్లే నాటినవారి మొక్కలు వేరు సాగక చచ్చుట అనేకచోట్ల చూచుచున్నాము. బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కను ముందు నీటిలో తడిపి, అంచులను చేతితో వదులుచేసి నాటవలెను. సంచిలో ఎంతవఱకు మట్టి యుండెనో అంతవఱకే పూడ్చవలెను. పాదుపై ఎండుటాకు గాని చెత్తగాని కప్పినచో తేమ నిలుచును. అది కాండమునకు తగులరాదు. మొదటి వేసవి దాటించుటయే ముఖ్యము. ప్రతిదినము చెంబెడు పోయుటకంటె నాలుగు దినముల కొకమాఱు వేరు దిగువకు ఇంకునట్లు బిందెడు పోయుట మేలు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్కరు ఒక్కొక్క మొక్కను కొనిన ధర హెచ్చు. పేరు నమ్మకము తక్కువ. సంఘ సభ్యులు వేసవిలోనే తమకు కావలసిన వానిని ఒక జాబితాగా వ్రాసి ఒకమాఱుగా తెప్పించుకొనినచో బండికూలి పంచబడును. చెడు మొక్కను త్రిప్పిపంపు అధికారమును గలుగును. అంతకంటె మేలైన దారి మఱియొకటి కలదు. సంఘపు ఆవరణమున మల్లె, మందారము, నందివర్ధనము, గోరింట తల్లిమొక్కలను ఒక్కొక్కటి పెంచి, వర్షకాలమున వాని కొమ్మలను సభ్యులకు పంచుట. ఈ నాలుగును కొమ్మతో వేరుదన్నునవే. జానెడు పొడవు, పెన్సిలు మందము గల ముదురు కొమ్మను నీడలో తడియిసుకయందు గ్రుచ్చి యుంచిన కొన్ని వారములలో చిగురించును. మన నేలలో, మన నీటితో బ్రదికిన తల్లికి బిడ్డలైన మొక్కలు మన పెరటిలోను బ్రదుకునని ధైర్యముగా చెప్పవచ్చును. తంగేడు గింజలను పండుగ తరువాతి మాసములలో కాయ ఎండినప్పుడు పిల్లలచే సేకరింపజేసి సంఘమున నిలువచేయవచ్చును.

పొలమునకు విత్తనము నెంచునప్పుడు మనము నేలను, నీటిని, కారును విచారింతుము. అదే విచారణను పెరటికి గూడ తెచ్చిన చాలును. ఈ తొలకరికి ముందే మీ పెరటిలో నిలిచి, ఎండ ఎచ్చట పడుచున్నది, నీరెచ్చట నిలుచుచున్నది, పశువు ఎంతవఱకు మెడ చాచుచున్నది అని ఒకదినము చూచుడు. గన్నేరు పాకకు దగ్గఱగా నున్నచో ఈ దినమే దాని సంగతి ఆలోచింపుడు. ఆ పిమ్మట ఇంటి ఆడువారితో సంప్రదించి మొక్కను ఎన్నుకొనుడు. ఏలయన నీరు పోయువారును, పూవు కోయువారును తఱచు వారే. అట్లు ఎన్నుకొనిన పొద మీ పిల్లల కాలమునందును పూయుచుండునుగాక.